పటికబెల్లం కరిగేదాకా

మేష్టారు పోయారన్న కబురు నాకు ఎదురింటి పాపాయమ్మ చెప్పింది. చెప్పింది అనకూడదు. నేను పెరట్లో అరిటాకులు కోస్తుంటే, గేటు దగ్గర్నుంచే, "మామ్మగారండీ, మీ మేష్టారు పోయేరంటండీ, అమలాపురం ఆస్పత్రిలోనంట, తెల్లారకట్టంట!" అని అనేసింది. అనేశాక చేత్తో నోరు మూసుకుంది. అప్పుడు మూసుకుని ఏం లాభం? సగం తెగిన ఆకు చెట్టుకే వేలాడుతోంది. కత్తి నా చేతిలోనే ఉంది. ఆ క్షణాన నాకు మొదట వచ్చిన ఆలోచన చెబితే నన్ను రాతిగుండె మనిషి అనుకుంటారేమో. పాపాయమ్మ ఇప్పుడు చేసిన పనికి ఇంగ్లీషులో ఏమంటారో మేష్టారు ఒక సాయంత్రమంతా కూర్చుని చెప్పారు కదా, అనుకున్నాను.

ఆయన శిష్యులు కలిసి చిన్న సంచిక వేస్తున్నారు. ఇల్లు అద్దెకిచ్చినదాన్ని కాబట్టి నన్ను కూడా రాయమన్నారు. "నాలుగు మంచి మాటలు రాయండి మామ్మగారూ" అన్నారు. మంచి మాటలు వాళ్లు ఎలాగూ రాస్తారు. నేను చూసింది, విన్నది రాస్తాను. చూడనిదాన్ని చూడలేదనే రాస్తాను. బాలికల పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఆఖరి మెట్టు దాకా సరిచూసుకోకుండా దేనికిందా గీత గీయను.

మా కొత్తపేటలో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయిన తుఫాను తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఆయన మా పక్క పోర్షన్‌లోకి దిగారు. ఒక ట్రంకుపెట్టె, ఒక నల్లబల్ల, ఒక మడత కుర్చీ, ఒక రేకు డబ్బా. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి మానేశానన్నారు. ఎందుకు మానేశారో చెప్పలేదు. గది చూపించి, అద్దెకు వచ్చేవాళ్లను అందరూ అడిగేవే నేనూ అడిగాను.

"ఒక్కరే ఉంటారాండీ?"

"ఆయ్, ఒక్కణ్నేనండి."

"మీ ఇంట్లోవారో?"

ఆయన రేకు డబ్బా మూత తీసి, నిమ్మగింజంత పటికబెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకుని పెదాలు మూసుకున్నారు. నా వంక చూస్తూనే ఉన్నారు. నేను చూస్తూనే ఉన్నాను. గోడమీద పిల్లి ఇటు నుంచి అటు నడిచి దిగిపోయింది. ఆ తర్వాత గుటక వేసి, "లేదండి. పోయిందండి" అన్నారు.

భార్య పోయిందని చెప్పడానికి ఎవరికైనా అంతసేపు పడుతుందా? నా ముప్పై ఏళ్ల బడి అనుభవంలో జవాబు తెలిసిన పిల్ల అడగగానే చెబుతుంది. ఆలస్యం చేసే పిల్ల పక్కదాని పలక చూస్తుంది. ఈ మనిషి ఎవరి పలక చూస్తున్నాడా అని ఆ రోజే నా మనసులో ఒక ముల్లు గుచ్చుకుంది. అయినా గది ఇచ్చాను. ఇస్తూ, మధ్య తలుపుకు నా వైపు నుంచి గడియ బిగించాను.

తర్వాత చూస్తే ముళ్లు ఒకటి కాదు. చెప్పులు ఎప్పుడూ వాకిలి వైపుకు తిప్పి విడిచేవారు, పిలుపు వస్తే లేచిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. ఉత్తరాలు వచ్చేవి కావు. శనివారం శనివారం మొదటి బస్సుకి వాడపల్లి వెళ్లి, స్వామి దర్శనం చేసుకుని, గుడి బయట కొట్లో పటికబెల్లం కొనుక్కుని ఎండెక్కకుండా తిరిగొచ్చేవారు. సాయంత్రం అరుగు మీద కూర్చుని అడకత్తెరతో ఆ గడ్డల్ని చిన్న చిన్న పలుకులుగా కత్తిరించి డబ్బాలో పోసేవారు. "షుగరు రాదాండీ మీకు?" అని ఒకసారి అడిగాను. దానికి కూడా ఒక పలుకు వేసుకున్నారు.

ఆ అరుగు మీదే ఆయన క్లాసు. గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లు, డ్రైవరు పనికి వెళ్లే కుర్రాళ్లు, నర్సింగ్ చదివే పిల్లలు వచ్చేవారు. మొదటి రోజునే అందరి అరచేతుల్లోనూ ఒక్కో పలుకు పెట్టారు. ఆయన ప్రశ్న అడుగుతారు. వాళ్లు పలుకు నోట్లో వేసుకోవాలి. అది పూర్తిగా కరిగాకే జవాబు చెప్పాలి. కొరకకూడదు. కొరికినట్టు చప్పుడు వినిపిస్తే ఇంకో పలుకు, మళ్లీ మొదటి నుంచి. ఊళ్లో దీన్ని పటికబెల్లం కాలేజీ అనేవారు.

నేను ఊరుకోలేదు. "పిల్లలకి అబద్ధాలు అల్లుకోవడానికి టైమిస్తున్నారా మేష్టారూ?" అని మొహానే అడిగాను.

ఆయన డబ్బా తీశారు, వేసుకున్నారు, కరిగాక చెప్పారు. "పరాయి దేశంలో ఇంటావిడ వచ్చి, 'ఇది నువ్వే పగలగొట్టేవా' అంటుందండి. మన పిల్ల భయంతో ముందు 'సారీ మేడమ్' అనేస్తుందండి. చెయ్యని తప్పు నెత్తిమీద పడిపోతుంది. అడిగేవాళ్ల తొందర మన తొందర కాదండి. ఇది తెలిస్తే చాలు, గ్రామరు తర్వాత వస్తుంది."

కువైట్‌లో మూడేళ్లు చేసి వచ్చిన ఒకావిడ, గొలుసు పోయిందని తనను నిలదీస్తే పటికబెల్లం ఉన్నట్టే నోరు మూసుకుని నిలబడ్డాననీ, ఈలోపల ఆ గొలుసు దిండు కింద దొరికిందనీ, ఆయన కాళ్లకు దండం పెట్టి చెప్పింది. ఆ కథ ఆవిడ చెప్పిందే. నేను చూడలేదు.

ఇక్కడ నా మనవరాలి సంగతి చెప్పాలి. శిరీషకు చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. నేనే పెంచాను. ఆ పిల్ల నోట్లో మాట నిలిచేది కాదు. ఒక పెళ్లిలో నలుగురి మధ్యా మా ఆడపడుచును పట్టుకుని, "ఆ గొలుసు మా మామ్మదే కదా, రేపు ఇచ్చెయ్యాలంట కదా" అనేసింది. ఇంటికొచ్చాక వీపు మీద ఒకటి వేశాను. కానీ లోపల్లోపల నిశ్చింతగా ఉండేది. ఏం చేసింది, ఎవరితో మాట్లాడింది, దేనికి ఏడ్చింది, ఏదీ నేను అడగక్కర్లేదు. గుమ్మం ఎక్కుతూనే అంతా కుమ్మరించేది. తల్లి లేని పిల్లను పెంచేదానికి అంతకంటే ఏం కావాలి? అమలాపురంలో నర్సింగ్‌లో చేరాక, ఇంటర్వ్యూలకు ఇంగ్లీషు కావాలని తనూ ఆ అరుగెక్కింది. నేను మధ్య తలుపు దగ్గర పీట వేసుకుని వినడం మొదలుపెట్టాను. చాటుగా వినడం తప్పంటారు. ఇల్లు నాది, మనవరాలు నాది, తలుపు కూడా నాదే.

మొదట్లో చెప్పిన సాయంత్రం అలా వినబడిందే. ఆ వేళ ఆయన నల్లబల్ల మీద ఒక క్రియ రాశారు. బ్లర్ట్.

"దీనర్థం చెప్పడం కాదండి. చెప్పేవాడు చెబుదామనుకుని చెబుతాడు. ఇది అనుకోకుండానే బయటికొచ్చేది" అన్నారు.

"నోరు జారడమాండీ?" ఒక డ్రైవరు కుర్రాడు.

"దగ్గరికొచ్చేరు. కానీ నోరు జారితే తప్పుమాటే వస్తుంది. దీంట్లో వచ్చేది తప్పుమాట అవ్వక్కర్లేదండి. ఎక్కువసార్లు నిజమే వస్తుంది. వేళ కాని వేళ వస్తుంది, అంతే."

"వాగడమాండీ?"

"వాగుడు పొద్దున్నించి సాయంత్రం దాకా సాగుతుంది. ఇది ఒక్క క్షణం."

"పోనీ, కక్కడమాండీ?" అంది ఒకావిడ. అందరూ నవ్వారు.

"కక్కించడానికి పోలీసు ఉండాలమ్మా. దీనికి ఎవరూ అడగక్కర్లేదు. మన తెలుగులో దీనికి మంచి మాటే ఉంది. 'అనేశాడు' అంటాం చూడండి. అన్నాడు కాదు, అనేశాడు. అదీ."

"ఆయ్" అన్నారందరూ.

తర్వాత వ్యాకరణం. ఈ క్రియ ఒంటరిగా నిలబడదనీ, ఏం అనేశాడో ఆ సంగతి పక్కన ఉండాలనీ చెప్పారు. ఎవరితో అనేశాడో చెప్పాలంటే మనిషికి ముందు 'టు' పెట్టాలి, నేరుగా మనిషిని తెచ్చి తగిలించకూడదు. వెనకాల 'అవుట్' అనే తోక తరచుగా ఉంటుంది, బయటికి అని. "'ఇట్' లాంటి చిన్న మాట వస్తే దాన్ని మధ్యలో కూర్చోబెట్టాలి. బ్లర్టెడ్ ఇట్ అవుట్. మాట బయటికి వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ లోపలికి రప్పించే క్రియ ఇంగ్లీషులో లేదండి. నేను వెతికేను."

సుద్దముక్క చప్పుడైంది. రాసింది ఆయనే చదివారు. "హి బ్లర్టెడ్ ఇట్ అవుట్ టు హిస్ వైఫ్. రాసుకోండి."

"ఏంటి సార్ అనేశాడు, వాళ్లావిడతో?" ఇది శిరీష గొంతు. ఇంకెవరికుంటుంది ఆ తొందర!

డబ్బా మూత చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు.

"ఆస్పత్రిలో డాక్టరు గుమ్మం బయటికి పిలిచి ఆయనొక్కడికే చెప్పేడండి. ఆయన లోపలికొచ్చేడు. ఆవిడ, 'ఏమన్నాడేంటి' అని అడిగింది. ఆయన అనేశాడు." కాసేపు ఆగి, "అనకపోతే ఆవిడ ఆ రాత్రి నిద్రపోయుండేదండి" అన్నారు. మళ్లీ మామూలు గొంతుతో, "రాసుకున్నారా? టు మరిచిపోకండి" అన్నారు.

అది ఆయన కథేనని క్లాసంతా నమ్మింది. ఈ సంచికలో కూడా కొందరు అలాగే రాస్తారని విన్నాను. నేను మాత్రం ఖాయంగా చెప్పలేను. పాఠానికి కావలసిన ఉదాహరణలు అప్పటికప్పుడు కల్పించడంలో ఆయన గట్టివారు. ఇది కూడా అలాంటిదే అయ్యుండొచ్చు. అడిగి తేల్చుకోవలసింది. పదేళ్లు గోడకు ఇవతలే ఉండి నేను అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గర నాకు కూడా నోరు పెగల్లేదు.

రాజోలు సంబంధం ఆ తర్వాతి ఏడు వచ్చింది. పెద్ద కొబ్బరి తోటలు, రైసు మిల్లు, ఒక్కడే అబ్బాయి, చదువుకున్నవాడు. నాకు అన్నివిధాలా నచ్చింది. నా తర్వాత ఈ పిల్లకు ఎవరన్న దిగులు తీరిపోతుందనుకున్నాను. శిరీషకు చెబితే తలూపింది. ఇంకేమీ అనలేదు. సిగ్గేమో అనుకున్నాను.

మా వైపు పెళ్లివారు ముందుగా పిల్ల ఇంటికి రారు. పక్కింటికి వస్తారు. కొబ్బరి మొక్కలు కావాలనో, అద్దెకు ఇల్లుందా అనో ఒక వంక పెట్టుకుని కూర్చుని, మాటల్లో పెట్టి పిల్ల గురించి ఆరా తీస్తారు. ఎందుకు వచ్చారో పక్కింటివారికీ తెలుసు, పిల్ల ఇంటివారికీ తెలుసు. తెలియనట్టు తలుపులు దగ్గరగా వేసుకుని కూర్చోవడం మర్యాద. వాళ్లు శనివారం సాయంత్రం వస్తున్నారని మధ్యవర్తి చెప్పగానే నాకు పాపాయమ్మ నోరు గుర్తొచ్చింది. ఏదో ఒకటి అనేస్తుంది. అందుకని, "వాడపల్లి వెళ్లి నా పేరున కూడా ప్రదక్షిణాలు చేసిరా పాపాయమ్మా, సాయంత్రం దాకా నిదానంగా చెయ్యి" అని పొద్దున్నే బస్సెక్కించాను. ఇక ఆరా తీయడానికి మిగిలింది మేష్టారే. ఆయన ఎవరి గురించీ చెడ్డమాట అనగా నేను వినలేదు. ఆ లెక్క నేనే వేసుకున్నాను.

కారు చప్పుడైంది. శిరీష పెరట్లో ఉందనుకుని, నేను పీట మీద కూర్చుని చేటలో కందిపప్పు పోసుకున్నాను. వచ్చింది పెళ్లికొడుకు పెదనాన్న, పెద్దమ్మ.

"ఇక్కడ కొబ్బరి మొక్కలు దొరుకుతాయన్నారండీ" అన్నాడాయన.

"నేను ఇంగ్లీషు చెప్పుకునేవాణ్నండి. మొక్కల్లేవండి."

"పోన్లెండి. ఎండన పడొచ్చేం. కాసేపు కూర్చోవచ్చాండీ?"

"ఆయ్, కూర్చోండి, కూర్చోండి."

"ఓ అమ్మాయ్, కాసిని మంచినీళ్లిస్తావామ్మా?" అంది పెద్దమ్మ. క్లాసుకు ముందుగా వచ్చిన పిల్లలెవరో ఉన్నారనుకున్నాను. గ్లాసుల చప్పుడైంది. ఎండల గురించి, బస్సుల గురించి, కొబ్బరి ధర గురించి మాట్లాడుకున్నారు. మేష్టారు బాగానే మాట్లాడుతున్నారు.

"ఈ పక్కింటివారు మంచివారేనాండీ?"

"చాలా పద్ధతైన మనిషండి మామ్మగారు."

"మనవరాలొకర్తి ఉందంట కదండీ. పిల్ల ఎలాంటిదండీ?"

డబ్బా మూత లేచిన చప్పుడు. నా చేతిలో చేట ఆగిపోయింది.

మేష్టారి గొంతు వినబడలేదు. కాకి అరిచింది. సెంటర్లో బస్సు హారను కొట్టింది. పెద్దమ్మ గాజులు ఒకసారి కదిలాయి.

"చెప్పండి మేష్టారూ, మనలో మనమాటే కదండీ."

జవాబు లేదు.

"పోనీ, నోటితో చెప్పే సంగతి కాదాండీ?" పెదనాన్న గొంతు తగ్గింది.

జవాబు లేదు.

"అర్థమైందండి. పెద్దమనుషులు మీరు. ఒక ఆడపిల్లని చెడ్డమాట అనలేక ఊరుకున్నారు. మీ మర్యాద మాకు తెలిసిందండి. లేవ్వే." కుర్చీ జరిగింది.

నేను లేచి తలుపు దబదబా బాదుదామనుకున్నాను. బాదితే ఇంతసేపూ చాటున ఉన్నట్టు తేలిపోతుంది. కారు డోరు పడింది. అప్పటికి పలుకు కరిగినట్టుంది, పరుగు చప్పుడు, ఒక కాలికే చెప్పు. గేటు దగ్గర్నుంచి మేష్టారు గట్టిగా అరిచారు. "అయ్యా, ఉండండి! నిక్కచ్చయిన పిల్లండీ! చాలా నిక్కచ్చయిన పిల్ల!"

కారు వెళ్లిపోయింది. కోడలు కావలసిన పిల్ల నిక్కచ్చి మనిషని విని ఏ పెళ్లివారు వెనక్కు తిరిగొస్తారు?

మర్యాదంతా పక్కనపెట్టి ఆయన గుమ్మంలోకి వెళ్లాను. "మంచి పిల్ల అనడానికి ఇంతసేపా మేష్టారూ? పోనీ, ఆ చివరికైనా మంచి పిల్ల అనలేకపోయారా?"

ఆయన చెయ్యి డబ్బా వైపు వెళ్లింది. "వేసుకోకండి!" అన్నాను. చెయ్యి ఆగిపోయింది. నిలదీసిన ప్రశ్నకు మొదటిసారి ఆయన పలుకు లేకుండా జవాబు చెప్పారు. "మంచి పిల్ల అని ఎవరి గురించైనా అంటారండి. అది శిరీష గురించి చెప్పినట్టు కాదండి. శిరీషకి సరిపడే మాట వెతుకుతున్నానండి, ఈలోగా వాళ్లు లేచేరు."

నేను నమ్మలేదు. ఇంట్లోకి వచ్చి శిరీషను పిలిచాను. "మేష్టారితో నువ్వేమైనా చెప్పావుటే ఈ సంబంధం గురించి?"

గుమ్మం ఎక్కుతూనే అంతా కుమ్మరించే పిల్ల నా ఎదురుగా నిలబడి పెదాలు మూసుకుంది. బుగ్గ ఒక పక్క చిన్నగా ఉబ్బి ఉంది. అది కరిగేదాకా ఆగి, "లేదు మామ్మా, ఏం చెప్పలేదు" అంది.

సంబంధం పోయినందుకు కాదు నా బాధ, అలా ఆగినందుకు. ఇరవై ఏళ్లు తెరిచి ఉన్న తలుపు మూసుకుంది. మూయడం నేర్పింది గోడ అవతలి మనిషి. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేశాను. గది ఖాళీ చెయ్యమందామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వచ్చాను. మాట మానేశాను గానీ గిన్నె మానలేదు. పనసపొట్టు కూరైనా, పులస తెచ్చిన రోజున పులుసైనా, గిన్నెలో పోసి శిరీష చేత పంపేదాన్ని. తోమి బోర్లించిన గిన్నె వెనక్కి వచ్చేది, ఎప్పుడూ అడుగున ఒక పటికబెల్లం పలుకుతో. దాన్ని నేను నోట్లో వేసుకునేదాన్ని కాదు. కాఫీలో వేసేదాన్ని.

ఏడాది తిరక్కుండా శిరీషకు మస్కట్‌లో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో అడిగినవాటికి ఒక్కోదానికీ ఆగి ఆగి చెప్పిందట. ఈ పిల్ల ఆపరేషన్ గదిలో కంగారుపడదని వాళ్లు అనుకున్నారట. అక్కడే పనిచేసే కాకినాడ అబ్బాయిని నాలుగేళ్ల తర్వాత పెళ్లి చేసుకుంది. ముందు నాకు చెప్పే చేసుకుంది. బాగున్నారు. రాజోలు అబ్బాయి కూడా బాగానే ఉన్నాడు. మిల్లు పెంచాడు, నెమ్మదస్తుడని పేరు. అతను చెడిపోయి ఉంటే ఈ వ్యాసం రాయడం నాకు తేలికయ్యేది.

శిరీష వెళ్లాక గోడకు అటొకరం ఇటొకరం మిగిలాం. మాట ఎప్పుడు మళ్లీ కలిసిందో చెప్పలేను. శుక్రవారం అక్కడ సెలవు. ఆ రోజు ఫోను చేసేది. "మేష్టార్ని పిలు మామ్మా" అనేది. పిలవాలంటే మాట్లాడాలి కదా. ఆయన వచ్చి రిసీవరు చెవికి పెట్టుకునేవారు. "ఎలా ఉన్నారండీ మేష్టారూ?" అని ఆ పిల్ల అడిగితే, ఈయన జేబులోంచి పలుకు తీసి వేసుకునేవారు! సముద్రం అవతల ఆ పిల్ల డబ్బులు కరుగుతుంటే ఇక్కడ ఈయన పటికబెల్లం కరగాలి. "బాగున్నారని చెప్పండి, లేకపోతే లేదనండి, ఏదో ఒకటి త్వరగా అనండి" అని నేను పక్కనుంచి గొణిగేదాన్ని. అవతల ఆ పిల్ల కూడా ఏమీ మాట్లాడకుండా ఆగేది. ఇద్దరూ అలా ఫోనులో ఊరుకుని ఉండడం చూస్తే నాకు ఒళ్లు మండేది. వీళ్లిద్దరికీ తెలిసి నాకు తెలియనిది ఏదో ఉందని ఆ నిశ్శబ్దమే చెప్పేది.

పోయే ముందురోజు కూడా ఆయన గేటు గడియ చప్పుడు కాకుండా వేసి, గుండెల్లో కాస్త బరువుగా ఉందని ఆటో ఎక్కారు. "ఎవర్నైనా తోడు పంపనా?" అన్నాను. జేబు తడుముకున్నారు. డబ్బా లోపలే మరిచిపోయారు. "అక్కర్లేదండి" అని వెంటనే అనేశారు. నాకు ఆయన చెప్పిన ఆఖరి మాట అదే. పలుకు లేకుండా చెప్పింది, అదీ సరైనది కాదు. ఆయన పోయాక, ఆయన తమ్ముడి కొడుకు వచ్చి, ట్రంకుపెట్టె పట్టుకెళ్లి, మిగతా సామానుకు మళ్లీ వస్తానని తాళం వేసుకుపోయాడు.

శుక్రవారం ఫోను మోగింది. ఎలా చెప్పాలో నేను ముందే అనుకుని ఉన్నాను. మొదట ఒంట్లో బాగోలేదనాలి, తర్వాత ఆస్పత్రి అనాలి, తర్వాత నెమ్మదిగా చెప్పాలి. "మామ్మా" అన్న గొంతు వినగానే, "మేష్టారు పోయారే" అనేశాను.

అవతల ఊపిరి కూడా వినిపించలేదు. పటికబెల్లం వేసుకుందేమో అనుకున్నాను. లేదు. "మామ్మా, ఆ రోజు పెద్ద ముక్క ఏరి ఇచ్చింది నేనే" అంది ఒక్కసారిగా.

"ఏ రోజే?"

"రాజోలు వాళ్లొచ్చిన రోజు. మంచినీళ్లిచ్చింది నేనే. ఎవరో క్లాసు పిల్లనుకున్నారు వాళ్లు. శనివారం కదా, గడ్డలింకా కత్తిరించలేదు. అన్నింట్లోకీ పెద్దది, గచ్చకాయంతది, డబ్బాలో పైన పెట్టి, ఆ డబ్బా ఆయన చేతికిచ్చేను. కరిగేలోపల విసిగిపోయి లేచెళ్లిపోతారని. నాకా పెళ్లి వద్దు మామ్మా."

"మరి నాతో చెప్పొచ్చు కదే. అన్నీ చెప్పేదానివి."

"అన్నీ చెప్పేసేదాన్ని. ఇది మాత్రం నీ మొహం చూస్తే రాలేదు" అంది. ఏడుస్తోంది.

నేను నా మొహాన్ని చేత్తో తడుముకున్నాను. కళ్లజోడు, ముడతలు. ఇంకేముంటుంది?

"మేష్టారికి తెలుసా?"

ఇప్పుడు ఆగింది. ఆగనిచ్చాను. "తెలీదు మామ్మా. ముక్క వంక చూసేరు. నా వంక చూసేరు. నోట్లో వేసుకున్నారు. ఆ తర్వాత ఒక్కసారి కూడా దాని గురించి నన్ను అడగలేదు."

ఫోను పెట్టాక కూర్చుని మొదటి నుంచి సరిచూశాను. ఆయన ఎప్పుడూ నిమ్మగింజంత పలుకే తీసుకునేవారు. అడకత్తెర పక్కనే ఉంటుంది. గడ్డను వెనక్కి పెట్టి చిన్నది తీసుకోవచ్చు. అవతల మనుషులు లేస్తుంటే కొరికి మింగెయ్యొచ్చు, ఆయన పెట్టిన నియమం ఆయన ఒక్కరోజు తప్పితే ఎవరు అడుగుతారు? తెలిసే చేశారని ఒక పక్క. గేటు దాకా ఒంటి చెప్పుతో పరిగెత్తిన మనిషి తెలిసి చేశాడా అని మరో పక్క. తెలిసి చేసిన మనిషి నేను గుమ్మంలో నిలబడి అన్ని మాటలంటే, "మీ మనవరాల్నే అడగండి" అని ఒక్క ముక్కతో తప్పించుకోవచ్చు కదా. తప్పించుకోలేదు. తొమ్మిదేళ్లు నా అనుమానం తన మీదే ఉంచుకున్నారు. నేను అనేకసార్లు అనేశాను, ఆయన ఆ సంగతి ఒక్కసారీ అనలేదు.

ఇది మంచితనమని శిష్యులు రాసుకోవచ్చు. అడగవలసిన మనిషి లేరు కాబట్టి నేను దీనికింద గీత గీయను. కానీ మా పిల్లకు సరిపడే మాట వెతకడానికి అంతసేపు ఆగినవాళ్లు ఆయన తప్ప ఎవరూ లేరు. నేను కూడా ఆగలేదు. ఆ మాటకు మాత్రం ఆయనకు నా దండం.

ఈ ఉదయం తుడుస్తూ పక్క పోర్షన్ వైపు వెళ్లాను. తాళం వేసిన తలుపు కింద నుంచి చీమల బారు. గడప దిగి, మెట్లు దిగి, ఆయన చెప్పులు విడిచే చోటు పక్కగా, గోడ వెంట మా వైపుకే వస్తోంది. డబ్బా మూత సరిగా పడలేదన్నమాట. మా ఇంట్లో చీమ కనిపిస్తే నేను పసుపు గీత గీస్తాను, అది అందరికీ తెలుసు. పసుపు తెచ్చాను. వంగి చూశాను. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాను.

ఒక్కోదాని నోట్లో ఒక తెల్లటి పలుకు. తొందరపడకుండా మోసుకెళ్తున్నాయి. ఏ ఒక్కటీ కొరకడం లేదు.